ఎల్ నినో అంటే కరువేనా? తెలుగు నేలపై వర్షపు సూచనలను చదవవలసిన తీరు

ఏటా ఏప్రిల్ నెలలో భారత వాతావరణ శాఖ నైరుతి ఋతుపవనాలపై తొలి దీర్ఘకాలిక అంచనాను వెలువరిస్తుంది. అందులో ఎల్ నినో అన్న మాట కనిపిస్తే చాలు, మరునాటి పత్రికలలో అది కరువుగా మారుతుంది. వారం తిరిగేసరికి విత్తన దుకాణం వద్దా, సహకార సంఘం అరుగు మీదా అదే మాట “ఈ ఏడు వానలు లేవట” అన్న తీర్పుగా స్థిరపడుతుంది. పసిఫిక్ మహాసముద్రపు నడిభాగంలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికీ, పాలమూరు ఎర్ర చల్కాలో పత్తి గింజ మొలకెత్తకపోవడానికీ నడుమ ఎన్ని అంచెలున్నాయో, ఒక్కొక్క అంచె వద్ద ఎంత అనిశ్చితి వచ్చి చేరుతుందో ఆ తీర్పులో ఎక్కడా కనిపించదు. ఎల్ నినో ప్రభావాన్ని కాదనవలసిన పని లేదు. అయితే అది చెప్పగలిగిన దానినీ, చెప్పజాలని దానినీ వేరుచేయకుండా రైతుకు అందించే అలవాటు విస్తరణ వ్యవస్థలో బలపడింది. ఆ అలవాటును తిరిగి పరిశీలించవలసిన అవసరం ఉన్నది.

2023వ సంవత్సరం ఇందుకు తగిన పాఠం. ఆ ఏడు పసిఫిక్‌లో ఎల్ నినో బలపడుతున్నదని వేసవిలోనే తెలిసింది. ఋతుపవనాలు కేరళను జూన్ 8న తాకాయి. అరేబియా సముద్రంలో బిపర్‌జాయ్ తుపాను తేమను తన వైపు లాగుకొనడంతో అవి తెలంగాణ చేరేసరికి జూన్ మూడో వారం దాటింది. అంతవరకు జరిగినది అంచనాకు సరిపోయినట్లే కనిపించింది. జూలై చివరి వారంలో బంగాళాఖాతపు అల్పపీడనం పుణ్యమా అని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వర్షం పడింది. అనంతపురం జిల్లాకు ఏడాది పొడవునా కురిసే వర్షం కంటె అది ఎక్కువ. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 నుండి ఉన్న దేశీయ రికార్డులలోకెల్లా అత్యంత పొడి ఆగస్టుగా నమోదయింది. దేశం మొత్తం మీద లోటు 36 శాతం. సెప్టెంబరులో మళ్ళీ దేశానికి 13 శాతం అధిక వర్షం. ఋతువు ముగిసేసరికి తెలంగాణ మొత్తం లెక్కలో లోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం వందకు పైగా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించవలసి వచ్చింది. అక్కడితో ఆగక, డిసెంబరు 5న మిగ్‌జామ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటి, కోతకు వచ్చిన, కోసి పనలపై ఉన్న డెల్టా వరిని నీట ముంచింది. ఒకే ఎల్ నినో సంవత్సరం, ఒకే తెలుగు నేల. వరద, బెట్ట, కరువు, తుపాను నాలుగూ అందులోనే. “ఎల్ నినో ఏడు కనుక వానలుండవు” అన్న సలహా ములుగు రైతుకు గాని, బాపట్ల రైతుకు గాని ఏ విధంగా అక్కరకు వచ్చి ఉంటుంది?

ఈ సంబంధాన్ని తొలుత వెదకినది మన దేశంలోనే, అదీ కరువు తరిమిన తరువాతనే. రాయలసీమ వృద్ధులు ధాత కరువని తలచుకొనే 1876–78 నాటి మహాక్షామం ధాతు నామ సంవత్సరంలో మొదలయింది. ఆ కాలపు ఎల్ నినో చాలా తీవ్రమైనదని నేడు తెలుసు. 1899లో మరొక క్షామం వచ్చింది. 1904లో భారత వాతావరణ పరిశీలనాలయాల అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు. ఋతుపవనాలను ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్నతో ఆయన ప్రపంచం నలుమూలల వాయుపీడన లెక్కలను కూర్చి, పసిఫిక్‌కూ హిందూ మహాసముద్రానికీ మధ్య తక్కెడలా ఊగే పీడనాన్ని గుర్తించి దానికి దక్షిణ డోలనమని పేరు పెట్టాడు. సముద్రంలోని ఎల్ నినో, వాతావరణంలోని ఈ డోలనం ఒకే నాణేనికి రెండు ముఖాలని తేలడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. మధ్య, తూర్పు పసిఫిక్ వేడెక్కినప్పుడు అక్కడ గాలి పైకి లేస్తుంది. దానికి బదులుగా ఇండోనేషియా, భారత్‌ల మీద గాలి కిందికి దిగుతుంది. దిగే గాలిలో మబ్బు కట్టదు. సూత్రం ఇంతే.

సూత్రం సరళమే గాని ఫలితం సరళం కాదు. 1972, 1987, 2002, 2009 కరువులన్నీ ఎల్ నినో సంవత్సరాలే. అయినా ఇరవయ్యో శతాబ్దపు అత్యంత బలమైన ఎల్ నినోలలో ఒకటైన 1997లో దేశపు నైరుతి వర్షపాతం దీర్ఘకాలిక సగటులో 102 శాతం. దానికంటె ఎంతో మందమైన 2002 ఎల్ నినో ఏడాదిలో అది 81 శాతానికి పడిపోయింది; ఆ జూలైలో మామూలు వర్షంలో సగం మాత్రమే కురిసింది. ఈ తేడాకు పరిశోధకులు ప్రధానంగా రెండు కారణాలు చూపారు. మొదటిది, వేడి ఎక్కడ కేంద్రీకృతమైనదన్నది. పెరూ తీరం వైపు వేడెక్కిన 1997 వంటి ఎల్ నినో కంటె, మధ్య పసిఫిక్‌లో వేడెక్కిన ఎల్ నినోయే భారత్‌పై గాలిని ఎక్కువగా కిందికి దించుతుందని కృష్ణకుమార్, ఆయన సహచరులు 2006లో ప్రకటించారు. రెండవది హిందూ మహాసముద్రపు సొంత డోలనం. దాని పడమటి భాగం వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉంటే ధన ద్విధ్రువమనీ, తారుమారైతే ఋణ ద్విధ్రువమనీ అంటాము. 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా దానిని వివరించారు. 1997లో బలమైన ధన ద్విధ్రువం ఎల్ నినో దెబ్బను చాలావరకు కాచింది. 2019లోనూ అదే కనిపిస్తుంది. జూన్ 33 శాతం లోటుతో మొదలైన ఆ ఋతువు, ధన ద్విధ్రువం బలపడిన కొద్దీ పుంజుకొని, సెప్టెంబరులో మామూలుకు ఒకటిన్నర రెట్ల వర్షంతో, మొత్తం 110 శాతం వద్ద ముగిసింది.

ఇవన్నీ అఖిల భారత లెక్కలు. తెలుగు జిల్లాలకు వాటిని నేరుగా అతికించడంలో ఇంకొక పొరపాటు పొంచి ఉన్నది. తెలంగాణకు ఏడాది వర్షంలో దాదాపు 80 శాతం నైరుతి నుండే వస్తుంది. అక్కడ దేశపు లెక్కకూ, స్థానిక లెక్కకూ కొంత పోలిక ఉంటుంది. నెల్లూరుకు సగానికి పైగా వర్షం ఈశాన్య ఋతుపవనాల నుండి వస్తుంది. నైరుతిని అణచే ఎల్ నినోయే, అక్టోబరు–డిసెంబరు మధ్య దక్షిణ ద్వీపకల్పపు తూర్పు తీరానికి సాధారణంగా అధిక వర్షాన్ని తెస్తుంది. 2015లో దేశానికి 14 శాతం నైరుతి లోటు మిగిల్చిన ఎల్ నినో, ఆ నవంబరులోనే నెల్లూరు, చిత్తూరు జిల్లాలను వరదలో ముంచింది. అంటే జూన్‌లో అనంతపురం రైతుకు హెచ్చరికగా చెప్పే మాట, నెల్లూరు రైతుకు చెరువు నిండే సూచన కావచ్చు. రెండు జిల్లాలకు ఒకే ప్రసారంలో ఒకే వాక్యం వెళ్ళడం శాస్త్రం కాదు.

దీనిని సైతం సూత్రంగా కంఠస్థం చేయరాదు. 2021 లా నినా ఏడు. సూత్రం ప్రకారం ఈశాన్య వర్షాలు మందగించాలి. ఆ నవంబరు 19న చెయ్యేరు వరదకు కడప జిల్లాలోని అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువ ఊళ్ళు కొట్టుకుపోయాయి. బంగాళాఖాతంలో ఒకటి తరువాత ఒకటిగా ఏర్పడే వాయుగుండాలు ఆయా వారాల పరిస్థితిని బట్టి పుడతాయి గాని, పసిఫిక్ నుండి అనుమతి పొంది పుట్టవు.

రాయలసీమ విషయం ఇంకా సున్నితం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతానికి జూలై వానలు ఎప్పుడూ అరకొరే. అనంతపురానికి సెప్టెంబరే పెద్ద నెల. ఋతుపవన ద్రోణి హిమాలయ పాదాలకు తరలి మధ్య భారతం ఎండే విరామ దినాలలో, ద్వీపకల్పపు ఆగ్నేయ మూల సాయంకాలపు ఉరుముల వానలు పడడం ఎరిగినదే. దేశమంతటికీ చెడు వార్త అయిన ‘ఋతుపవన విరామం’ సీమలోని కొన్ని మండలాలకు ఒక పదును వర్షాన్ని ఇవ్వవచ్చు. 2009 అనుభవం దీనికి మరో కొస. ఆ ఏడు నైరుతి లోటు 22 శాతం; కర్నూలు జిల్లా కూడా వాన కోసం ఎదురుచూసినదే. ఋతువు అధికారికంగా ముగిసిన సెప్టెంబరు 30 తరువాత రెండు మూడు రోజులలోనే తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు నగరమూ మంత్రాలయమూ మునిగాయి. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. కరువు నివేదికల సిరా ఆరకముందే వరద నివేదికలు రాయవలసి వచ్చిన సంవత్సరమది.

సగటు మారకుండానే వర్షపు స్వభావం మారుతున్నదన్న సంగతి కూడా దీనితో ముడిపడినదే. 1951–2000 మధ్య మధ్య భారతంలో రోజుకు 100 మిల్లీమీటర్లు మించిన వర్షాలు పెరిగాయనీ, మోస్తరు వర్షాలు తగ్గాయనీ, ఋతువు మొత్తంలో మాత్రం చెప్పుకోదగిన మార్పు లేదనీ గోస్వామి బృందం 2006లో చూపింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మెట్ట సేద్యానికి పనికివచ్చేది మోస్తరు వానే. ఒక్క రాత్రి 150 మిల్లీమీటర్లు కురిసి ఇరవై రోజులు ముఖం చాటేసిన ఋతువూ, అదే నీరు ఆరు విడతలుగా కురిసిన ఋతువూ దీర్ఘకాలిక అంచనాలో ఒకే శాతంగా నిలుస్తాయి. పైరుకు మాత్రం అవి రెండు వేర్వేరు సంవత్సరాలు.

మరి రైతు నిర్ణయాలకు దగ్గరగా ఉండే సూచన ఏది? అయకట్టు భాషలో చెప్పాలంటే ఎల్ నినో జలాశయపు మట్టం వంటిది. మట్టం తక్కువన్న వార్త ముఖ్యమైనదే. అయితే కాలువ చివరి భూముల రైతుకు కావలసినది తన వంతు నీరు ఏ వారం వస్తుందన్నది. ఆ వంతును కొంతవరకు తెలిపేది మాడెన్–జూలియన్ డోలనం. 1971లో రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ గుర్తించిన ఈ మబ్బుల దండు భూమధ్యరేఖ వెంట పడమటి నుండి తూర్పుకు సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో కదులుతూ, 30 నుండి 60 రోజులలో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. దాని స్థానాన్ని ఎనిమిది దశలుగా గుర్తిస్తారు. రెండు, మూడు దశలలో మబ్బు హిందూ మహాసముద్రం మీద ఉంటుంది; అప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనాలకు అనుకూలం. అది పసిఫిక్‌కు తరలిపోయినప్పుడు మనవైపు గాలి దిగుతుంది. వేసవి ఋతువులో దీని శాఖ ఒకటి ఉత్తర దిశగా రోజుకు సుమారు ఒక అక్షాంశ డిగ్రీ చొప్పున జరుగుతుంది. భూమధ్యరేఖ వద్ద పేరుకొన్న మబ్బు మన అక్షాంశాలకు రావడానికి రమారమి రెండు వారాలు పడుతుందన్నమాట. డోలనం బలహీనంగా ఉన్న వారాలలో ఈ సూచనకు విలువ లేదు. ఆ సంగతి కూడా రైతుకు దాచకుండా చెప్పవలసినదే.

ఈ సమాచారమంతా అందుబాటులో లేనిది కాదు. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాల విస్తృత శ్రేణి అంచనాను ప్రకటిస్తున్నది. మొదటి రెండు వారాలకు దాని నమ్మకం ఎక్కువ. మంగళ, శుక్రవారాల వ్యవసాయ వాతావరణ బులెటిన్లు ఐదు రోజుల అంచనాపై ఆధారపడతాయి. ఐదు రోజులకూ నాలుగు నెలలకూ మధ్య ఉన్న ఈ పక్షం రోజుల మెట్టు మీదనే మెట్ట రైతు నిర్ణయాలు ఎక్కువగా నిలిచి ఉంటాయి. మన విస్తరణ సలహాలలో అదే దాదాపు ఖాళీగా ఉన్నది.

పత్తినే చూడవచ్చు. 60–75 మిల్లీమీటర్ల వర్షం పడి నేల తడిసిన తరువాతనే విత్తమని సిఫారసు. మృగశిరలో తొలి జల్లుకే పొడి దుక్కిలో గింజ వేసి, మొలక మాడి, రెండవసారి విత్తనం కొనే రైతులు ప్రతి ఏడూ కనిపిస్తారు. వారి నష్టానికి ఎల్ నినోతో పని లేదు. మంచి వర్షాల ఏడాదిలోనూ జూన్ మూడు వారాలు ఎండవచ్చు. తొలి వాన పడిన రోజున “వెనుక మరొక విడత వచ్చే అవకాశం ఈ రెండు వారాలలో తక్కువ” అన్న ఒక్క మాట ఆ రెండవ పొట్లం ఖర్చును తప్పించగలదు. ఆ తరువాత 20, 40, 60, 80 రోజులకు నత్రజనిని నాలుగు దఫాలుగా పైపాటుగా వేయమంటాము. బెట్ట వచ్చే పక్షంలో వేసిన యూరియా వ్యర్థం. కుండపోతకు ముందు వేసినది వాగు పాలు. క్యాలెండరు తేదీకి కట్టుబడిన సిఫారసును పక్షపు అంచనాతో ముందుకో వెనుకకో జరపవచ్చని చెప్పడానికి కొత్త పరిశోధన ఏమీ అక్కరలేదు.

వేరుశనగలో సమస్య ఇంకొక రకం. అనంతపురంలో జూలై నడుమ విత్తిన పైరుకు ఆగస్టు చివర ఊడలు దిగుతాయి, సెప్టెంబరులో కాయ ఊరుతుంది. ఊడ నేలలో దిగాలంటే పైపొర మెత్తబడి ఉండాలి. ఆ పది పదిహేను రోజుల బెట్ట, ఋతువు మొత్తపు లోటు కంటె దిగుబడిని ఎక్కువగా నిర్ణయిస్తుంది. నీటి కుంటలో మిగిలిన ఒక్క రక్షక తడిని ఇప్పుడు ఇవ్వాలా, పది రోజులు ఆగాలా అన్నది కుంట ఉన్న ప్రతి రైతు ఎదుర్కొనే ప్రశ్న. దానికి ఏప్రిల్ అంచనా జవాబు చెప్పలేదు.

ఇక్కడ కార్తెల ప్రస్తావన అప్రస్తుతం కాదు. ఇరవై ఏడు నక్షత్రాల పేర ఏడాదిని పంచుకొన్న కార్తె ఒక్కొక్కటి 13 లేక 14 రోజులు. రైతు తలపులో కాలం నేటికీ ఆరుద్ర, పునర్వసు, మఖ, పుబ్బలుగానే నడుస్తుంది. విస్తృత శ్రేణి అంచనా నమ్మదగిన మేర కూడా సరిగ్గా అంతే. కార్తెలను మూఢనమ్మకమని పక్కకు నెట్టే యువ శాస్త్రవేత్తలు, సరిగా చేతికి అమరిన కొలపాత్రను పారవేస్తున్నారని చెప్పక తప్పదు. కార్తె వాన తేదని అందరికీ తెలుసు. అయినా “ఈ పుష్యమిలో వర్షం మామూలు కంటె తక్కువ పడే అవకాశం పదింట ఆరు పాళ్ళు” అన్న వాక్యం, “జూలై 19 నుండి ఆగస్టు 1 వరకు ఋణాత్మక విచలనం” అన్న వాక్యం కంటె రైతు సేవా కేంద్రంలోనూ, రైతు వేదికలోనూ ఎక్కువ దూరం పోతుంది. ఏరువాక కేంద్రాలు ఈ పద్ధతిని ఒక ఋతువు పాటు కొన్ని మండలాలలో నడిపి చూడదగినది.

పాళ్ళలో చెప్పడానికి శాస్త్రవేత్తలు జంకుతారు. రైతుకు అది అర్థం కాదన్నది సాధారణంగా వినిపించే సాకు. అప్పు తెచ్చి మిరప వేసి, ధర పలుకుతుందో లేదో తెలియక కోల్డ్ స్టోరేజీలో సరుకు దాచే రైతుకు సంభావ్యత అర్థం కాదనడం సాహసం. అర్థం కానిది తీర్పు తప్పినప్పుడు శాస్త్రవేత్త మౌనం. కరువని చెప్పగా వాన కురిస్తే, ఎరువు తగ్గించిన రైతు దిగుబడి నష్టపోతాడు; అది ఏ నష్టపు జాబితాలోనూ చేరదు. వాన అని చెప్పగా ఎండితే నష్టం కంటికి కనిపిస్తుంది, ప్రశ్న వస్తుంది. కనుక కరువనే చెప్పడం చెప్పేవారికి క్షేమం. ఈ క్షేమపు లెక్కే సలహాలను ఏటేటా ఒకే వైపు వాల్చుతున్నదేమోనని వాటిని తయారుచేసేవారు తమలో తాము తర్కించుకోవాలి.

జిల్లాలవారీ ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు ఉన్నాయి; హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ ఎంతో శ్రమతో వాటిని కూర్చింది. ఋతుపవనం రెండు వారాలు ఆలస్యమైతే ఏ పంట, నాలుగు వారాలైతే ఏ పంట అన్న క్రమం వాటిలో స్పష్టంగానే ఉన్నది. అయితే ఆలస్యం జరిగిన తరువాత గాని ఆ పుటలు తెరవరు. అప్పటికి కొర్ర విత్తనానికీ, ఉలవ విత్తనానికీ పరుగు మొదలవుతుంది. దొరికేది దొరుకుతుంది, లేనిది లేదు. జూన్ చివరనే రాబోయే పక్షం సూచనను చూసి విత్తనాన్ని మండల కేంద్రాలకు చేరిస్తే ఖర్చు రవాణాకే పరిమితం. ఎల్ నినో సమాచారానికి సరైన చోటు నిజానికి ఇదే: రైతు పొలంలో కాదు, విత్తన నిల్వలు, పశుగ్రాసం, బోరుబావుల నీరు, పంటల బీమా గురించి నెలల ముందు నిర్ణయించవలసిన కార్యాలయాలలో.

విద్యార్థుల పరిశోధనల వైపు చూస్తే ఒక చిత్రం పదేపదే ఎదురవుతుంది. రాష్ట్రపు వార్షిక వర్షపాతాన్ని ఒక గీతగా, పసిఫిక్ ఉష్ణోగ్రతను మరొక గీతగా గీసి, రెంటి మధ్య సహసంబంధ గుణకం లెక్కకట్టి, దాని పక్కన నక్షత్రపు గుర్తు పెట్టి ముగించడం. ఆ గుణకంతో ఏ రైతూ ఏ పనీ చేయలేడు. పంటకు అర్థమున్న కొలతలు వేరు: విత్తే వాన ఏ తేదీన వచ్చింది, పది రోజులు మించిన బెట్టలు ఎన్ని, అవి పైరు ఏ దశలో తగిలాయి, ఒక్క రోజులో 65 మిల్లీమీటర్లు దాటినవి ఎన్ని. రేకులకుంట, నంద్యాల, పాలెం, జగిత్యాల వంటి పరిశోధనా స్థానాలలో దశాబ్దాల దినసరి వర్షపు రిజిస్టర్లు బీరువాలలో ఉన్నాయి. దిగుబడి ప్రయోగాల లెక్కలు వాటి పక్క అరలోనే ఉన్నాయి. మాడెన్–జూలియన్ డోలనం ఏ రోజున ఏ దశలో ఉన్నదో 1974 జూన్ నుండి దినసరి లెక్క ఉచితంగా లభిస్తుంది. ఈ మూడింటినీ తేదీల వారీగా పక్కపక్కన పెట్టడానికి ఉపగ్రహం అక్కరలేదు, సూపర్ కంప్యూటరు అక్కరలేదు. ఒక స్నాతకోత్తర విద్యార్థి, ఒక మామూలు కంప్యూటరు, ఒక విద్యాసంవత్సరం చాలు. ఎల్ నినో ఏళ్ళలో ఒకసారి, లా నినా ఏళ్ళలో ఒకసారి, రెండూ లేని ఏళ్ళలో ఒకసారి విడివిడిగా లెక్కకడితే, ఒక్కొక్క దశలో ఆ స్థానం చుట్టుపక్కల విత్తే వాన పడే అవకాశం ఎన్ని పాళ్ళో తేలుతుంది. అన్నిటికంటె ముందు కావలసినది ఆ రిజిస్టర్లను చెదలు పట్టకముందే ఎక్కించడం. రాబోయే రబీ సెలవులలో ఆ పని మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.